వరుస హత్యల కేసు కట్టడం ఎలా: తప్పిపోయిన ఫిర్యాదు నుంచి ఉరిశిక్ష ఖరారు దాకా

శిక్షాస్మృతిలో వరుస హత్యలు అనే నేరమే లేదు. ఉన్నది హత్య ఒక్కటే. టీవీ వాళ్ళు సైకో కిల్లర్ అన్నా, ప్రెస్‌మీట్‌లో పది హత్యల ముద్దాయి అని చెప్పినా, కోర్టు మెట్లెక్కేసరికి అవి పది వేర్వేరు చావులు. చనిపోయింది ఎవరు, ఎలా చనిపోయారు, అది ఈ ముద్దాయి పనేనని ఎలా చెప్పగలం? ఈ మూడింటికీ ప్రతి శవం విషయంలోనూ విడిగా జవాబు దొరకాలి. ఏడో హత్యలో ఉన్న గట్టి సాక్ష్యం మూడో హత్యలోని ఖాళీని పూడ్చదు. ఇలాంటి కేసులు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే: పోలీసులు మనిషిని పట్టుకుంటారు, అతను అన్నీ ఒప్పుకుంటాడు, ఆ ఒప్పుకోలు మీదే మొత్తం ఇల్లు కడతారు.

కొత్తగా స్టేషన్ బాధ్యత తీసుకున్న ఎస్ఐలు, సీనియర్ దగ్గర పని నేర్చుకుంటున్న వకీళ్ళు, కోర్టు వార్తలు రాసేవాళ్ళు ఈ కేసులను మొదటి నుంచి చివరిదాకా ఎలా చూడాలో వరుసగా చెప్పుకుందాం.

ముందు సెక్షన్ల తికమక తీర్చుకోవాలి. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాయి: ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం. నేరం సెక్షన్ ఎప్పుడూ నేరం జరిగిన తేదీని బట్టే ఉంటుంది, శవం దొరికిన తేదీని బట్టో ముద్దాయి చిక్కిన తేదీని బట్టో కాదు. ఒకే మనిషి 2023లో ఒకరిని, 2025లో మరొకరిని చంపితే మొదటి దానికి ఐపీసీ 302, రెండో దానికి బీఎన్ఎస్ 103. శవాన్ని మాయం చేసినందుకు మొదటి దానిలో ఐపీసీ 201, రెండో దానిలో బీఎన్ఎస్ 238. అన్నింటికీ కలిపి కొత్త సెక్షన్లు గుద్దేస్తే మొదటి వాయిదాలోనే డిఫెన్స్ వకీలు లేచి నిలబడతాడు.

కేసు మొదలయ్యేది శవంతో కాదు

వరుస హంతకుడి చేతిలో పోయినవాళ్ళలో చాలామంది పోలీసు రికార్డులోకి ముందు ‘తప్పిపోయినవాళ్ళు’గానే ఎక్కుతారు. కొందరు ఆ మాత్రం కూడా ఎక్కరు. నోయిడా సెక్టార్ 31ని ఆనుకుని ఉన్న నిఠారీలో పిల్లలు కనిపించడం లేదని తల్లిదండ్రులు చాలాకాలం తిరిగారు. 2006 డిసెంబరు 29న డీ-5 నంబరు ఇంటి వెనక కాలవలో ఎముకలు బయటపడేదాకా అవన్నీ విడివిడి ఫిర్యాదులే. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో 14 ఏళ్ళ విద్యార్థిని శవం పాడుబడ్డ బావిలో దొరికాకే, అదే మార్చిలో తప్పిపోయిన మరో అమ్మాయి, 2015లో తప్పిపోయిన 11 ఏళ్ళ పాప ఏమయ్యారో తెలిసింది.

పిల్లలు తప్పిపోయారని వస్తే జనరల్ డైరీలో ఎంట్రీ వేసి పంపేయడానికి వీల్లేదు. తప్పిపోయిన ప్రతి పిల్లా పిల్లవాడి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గానే నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పెద్దవాళ్ళ విషయంలో ‘ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది’ అనే మాట దర్యాప్తును చంపేస్తుంది. వెళ్ళిపోయిన మనిషి ఫోను ఎక్కడో మళ్ళీ మోగుతుంది, బ్యాంకు కార్డు ఎక్కడో గీకబడుతుంది, ఎవరో స్నేహితురాలికి కబురు వస్తుంది. ఇవేవీ లేకుండా రెండు వారాలు గడిస్తే ఆ ఫైలును హత్య అనుమానంతో చదవాలి.

మొదటి రోజే తీసుకోవాల్సినవి: ఆఖరిసారి చూసినవాళ్ళ పేరు, టైము, ఒంటి మీద ఉన్న బట్టలు, నగలు, ఫోను ఐఎంఈఐ నంబరు, ఈమధ్య తీసిన ఫొటో, పళ్ళకు వైద్యం జరిగి ఉంటే ఆ డాక్టరు వివరం. ఐఎంఈఐ చాలా ముఖ్యం. సిమ్ పారేస్తారు గానీ ఫోను అమ్ముకుంటారు. ఆరు నెలల తర్వాత ఆ ఫోనులో వేరే సిమ్ పడితే ముడి అక్కడే విడుతుంది.

ఇంకో దారి, సహజ మరణం అనుకుని దహనం చేసేసిన చావులు. ఏలూరు పోలీసులు 2019 నవంబరులో అరెస్టు చేసిన వ్యక్తి మీద అభియోగం, ప్రసాదం పేరుతో విషం పెట్టి 20 నెలల్లో 10 మందిని చంపాడని. చివరి చావులో ఇంటివాళ్ళు నగదు, బంగారం కనిపించడం లేదని పట్టుబట్టి పోస్ట్‌మార్టం కోరడంతో అది బయటికొచ్చింది. కేరళలోని కూడత్తాయిలో 2002 నుంచి 2016 దాకా ఒకే బంధువర్గంలో ఆరుగురు పోయారు. 2011లో పోయిన ఒక్కరికే పోస్ట్‌మార్టం జరిగింది, సైనైడ్ అనీ తేలింది, అయినా అప్పట్లో ఆత్మహత్య అనుకున్నారు. మిగతావాళ్ళ సమాధులు తవ్వింది 2019 అక్టోబరులో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పోస్ట్‌మార్టం లేకపోతే అసలే పట్టలేడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి పోవడం, ఇంట్లో డబ్బు లేదా ఒంటి మీద బంగారం మాయం కావడం, ఆఖరున ఏదో తినడమో తాగడమో జరగడం, ఈ మూడూ కలిస్తే శవాన్ని కదలనివ్వకూడదు.

సమాధి తవ్వాల్సి వస్తే మేజిస్ట్రేటు సమక్షంలోనే తవ్వాలి. శవం పైన, కింద, రెండు పక్కలా మట్టి అరకిలో చొప్పున తీయాలి. కొంత దూరంలో తాకని నేల నుంచి ఇంకో అరకిలో. ఈ ఆఖరిది మర్చిపోతే, ఆర్సెనిక్ మట్టిలోంచే ఎముకలోకి దిగిందని డిఫెన్స్ అంటే జవాబు ఉండదు. ఆర్సెనిక్ వెంట్రుకల్లో, గోళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. సైనైడ్ అలా నిలవదు, పాత శవంలో అది దొరకలేదంటే ఇవ్వలేదని అర్థం కాదు. ఆ సంగతి ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నిపుణుడి నోట కోర్టులో చెప్పించుకోవాలి.

శవం దగ్గర మొదటి రోజు

తాడు కట్టి గుంపును వెనక్కి పంపడమే మొదటి పని, మిగతావన్నీ దాని తర్వాతే. ఆధారాలు సేకరించే క్లూస్ టీం రాకముందు ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, సర్కిల్ ఇన్‌స్పెక్టరైనా సరే. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలని, అక్కడి ప్రక్రియను వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 176(3) చెబుతోంది. సోదా, స్వాధీనం వీడియో తీయడానికి 105. శవ పంచనామా 194 కింద జరుగుతుంది, ఆ నివేదిక 24 గంటల్లో పై మేజిస్ట్రేటుకు చేరాలి.

2020 మే 21న వరంగల్ దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలో నాలుగు శవాలు తేలాయి. మర్నాడు ఇంకో అయిదు. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. లాక్‌డౌన్ రోజులు, వలస కుటుంబం, సామూహిక ఆత్మహత్యేమోనన్న మాట అప్పుడే వినిపించింది. బావి శవాల్లో మనిషి నీళ్ళలో పడ్డప్పటికి ప్రాణంతో ఉన్నాడా, ఒంట్లో మత్తు ఉందా అన్న రెండు ప్రశ్నలే కేసును నిలబెడతాయి. మొదటి దానికి ఊపిరితిత్తుల స్థితితోపాటు డయాటమ్ పరీక్ష కావాలి. డయాటమ్‌లు నీళ్ళలో ఉండే కంటికి కనపడని నాచు జీవులు. ప్రాణంతో మునిగినవాడి రక్తం వాటిని ఎముక మజ్జ దాకా మోసుకెళుతుంది. అందుకే పొడవాటి ఎముకనో రొమ్ము ఎముకనో తీసి ఉంచాలి. పోల్చుకోవడానికి అదే బావి నీళ్ళు ఒక లీటరు శుభ్రమైన సీసాలో, అదే రోజు పట్టాలి. బావి తోడించేశాక పట్టిన నీళ్ళు ఎందుకూ పనికిరావు.

మత్తుకో విషానికో విసెరా, అంటే పరీక్షకు తీసే లోపలి అవయవాల భాగాలు. జీర్ణాశయం దానిలోని పదార్థంతో సహా, చిన్న పేగు సుమారు 30 సెంటీమీటర్లు, కాలేయం 200 నుంచి 300 గ్రాములు, ఒక్కో మూత్రపిండంలో సగం, రక్తం 10 మిల్లీలీటర్లు. సీసాను మూడింట రెండు వంతులే నింపాలి, లేకపోతే వాయువు పుట్టి మూత ఎగిరిపోతుంది. నిల్వకు మామూలుగా సంతృప్త ఉప్పునీళ్ళు వాడతారు. ఆ ఉప్పునీళ్ళు కొంచెం వేరే సీసాలో పోసి, సీలు వేసి పంపడం చాలాచోట్ల మరిచిపోతారు. డీఎన్ఏకి పంపే ఏ భాగాన్నీ ఫార్మలిన్‌లో వేయకూడదు, వేస్తే డీఎన్ఏ ముక్కలైపోతుంది. అస్థిపంజరమే మిగిలితే దవడ పళ్ళు, తొడ ఎముక తీయాలి. పోల్చడానికి తల్లీ తండ్రీ ఇద్దరి రక్తమూ రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పున ఊదా మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో పట్టాలి.

రక్తం అంటిన బట్టల్ని ప్లాస్టిక్ సంచిలో వేయడం ఇప్పటికీ చూస్తుంటాం. తడికి బూజు పట్టి పరీక్షకే పనికిరాకుండా పోతాయి. నీడలో ఆరబెట్టి కాగితం సంచిలో వేయాలి, ఒక్కో బట్ట ఒక్కో సంచిలో. ప్రతి ప్యాకెట్ మీద క్రైం నంబరు, తేదీ, మధ్యవర్తుల (పంచనామాకు పిలిచిన సాక్షుల) సంతకాలు, సీలు ఉండాలి. ఆ సీలు ముద్ర నమూనా ఎఫ్ఎస్ఎల్‌కి పంపే లెటర్ అడ్వైస్ మీద కూడా కనపడాలి. ప్యాకెట్ స్టేషన్ ప్రాపర్టీ రూంలో 20 రోజులు పడి ఉంటే, ఆ 20 రోజులు ఎవరి తాళం కింద ఉందో రిజిస్టరు చెప్పాలి. తీసుకెళ్ళిన కానిస్టేబుల్ని సాక్షిగా పెట్టకపోవడం ఒక్కటే చాలు, మంచి డీఎన్ఏ రిపోర్టుకు విలువ పోవడానికి.

గుర్తు తెలియని శవాల గురించి ఒక మాట. రైలు పట్టాల పక్కన, కాలవల్లో దొరికిన ఇలాంటి శవాలు మామూలుగా 72 గంటలు మార్చురీలో ఉండి మట్టిలో కలిసిపోతాయి. గొర్రెకుంట ముద్దాయి అంతకు రెండు నెలల ముందే ఒక మహిళను రైల్లోంచి తోసి చంపాడు. ఆమె ఏమైందని ఆ వలస కుటుంబం అడుగుతుండటమే మిగతా తొమ్మిది మంది చావుకు కారణం. ఆ శవం పడింది గోదావరి జిల్లాల్లో, మనిషి తప్పిపోయింది వరంగల్‌లో. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణ మార్గంలోని ఏ కోర్టయినా విచారించవచ్చని బీఎన్ఎస్ఎస్ 203 అంటుంది, చట్టం వైపు నుంచి అడ్డేమీ లేదు. రెండు స్టేషన్ల కాగితాలు కలవకపోవడమే అడ్డు. పూడ్చే ముందు ఫొటోలు, వేలిముద్రలు, ఒక పన్ను, బట్టల ముక్క దాచితే ఆ చావు ఎప్పటికైనా తన పేరు తను వెతుక్కుంటుంది.

ఒకే చెయ్యి అని ఎలా తెలుస్తుంది

గోడ మీద పెద్ద చార్టు వేయండి. అడ్డంగా ఒక్కో చావు. నిలువుగా: ఆఖరిసారి కనపడిన చోటు, టైము, ఫోను ఆగిన టైము, ఆ టవరు, మాయమైన వస్తువులు, చావు కారణం, శవం దొరికిన చోటు, శవాన్ని దాచిన తీరు. తెలియని గడిని ఖాళీగా వదలాలి, ఊహతో నింపకూడదు. ఖాళీ గడులే తర్వాతి వారం పని.

అన్నింటిలోనూ ఒకేలా ఉండేది కాదు, అనవసరంగా ఒకేలా ఉండేది చూడాలి. గొంతు నులమడం చాలా హత్యల్లో ఉంటుంది. అదే ముడి, అదే రకం తాడు, శవాన్ని అదే తరహా గోతంలో కుట్టడం మాత్రం అలవాటు. చంపే పద్ధతి అనుభవంతో మారవచ్చు, అలవాటు అంత తొందరగా మారదు.

ఒక పేరు రెండు గడుల్లో కనపడితే వెంటనే పట్టుకోవడానికి పరుగెత్తవద్దు. ఆ పేరు అసలు ఎన్నిసార్లు ఫైళ్ళలోకి వచ్చిందో వెతకాలి. ఇంగ్లండ్‌లో 1975 నుంచి 1980 దాకా 13 మంది స్త్రీలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ని పోలీసులు అంతకుముందు తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. కార్డుల గుట్టలో ఒక కార్డు ఇంకోదాన్ని చూడలేదు. 1981 జనవరిలో అతను దొరికింది దొంగ నంబరు ప్లేటు వల్ల. మన దగ్గర ఇప్పుడు అన్ని స్టేషన్ల రికార్డులను కలిపే కంప్యూటర్ వ్యవస్థ, సీసీటీఎన్ఎస్ ఉంది. కానీ పేరు ఒక స్టేషన్లో శ్రీనుగా, ఇంకో స్టేషన్లో శ్రీనివాసులుగా ఎక్కితే యంత్రం ఏం చేస్తుంది? ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, ఫోను నంబరుతో, బండి నంబరుతో నాలుగు రకాలుగా వెతకాలి.

గడియారంతో పరుగు పెట్టాల్సినవి రెండు. సీసీ కెమెరా డీవీఆర్‌లో పాత దృశ్యాలు రెండు వారాలకో నెలకో తుడిచిపెట్టుకుపోతాయి. వేరే ఆధారమేదీ చేతికి రాకముందే ఆ దారిలోని అంగళ్ళు, పెట్రోలు బంకులు, ఏటీఎంలు చుట్టి రావాలి. కాల్ రికార్డులు ఆపరేటర్ల దగ్గర కనీసం రెండేళ్ళు ఉంటాయి, ఆ తర్వాత హామీ లేదు. రెండింటికీ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి. కొత్త నమూనాలో రెండు భాగాలు: యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు నింపేది ఒకటి, నిపుణుడు నింపేది ఒకటి, దాంతో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరుస. కాపీ తీసిన రోజే హ్యాష్ రాసుకోకపోతే, ఏడాది తర్వాత అదే ఫైలని ఎవరూ ప్రమాణం చేయలేరు. సర్టిఫికెట్ తప్పనిసరని పాత సాక్ష్య చట్టంలోని 65బీ మీద 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

ముద్దాయి చిక్కాక

ఇక్కడ నెమ్మదించాలి. పైనుంచి ఒత్తిడి, వీధిలో జనం, కెమెరాలు, అన్నీ తొందర పెడతాయి. కేసు పోయేది ఈ పదిహేను రోజుల్లోనే.

మొట్టమొదట ముఖం కప్పండి. సాక్షులు ముద్దాయిని గుర్తుపట్టే పరేడ్ మేజిస్ట్రేటు జైల్లో పెడతారు, అతని ఈడు, రూపం ఉన్నవాళ్ళను కనీసం అయిదారుగురిని పక్కన నిలబెట్టి. అప్పటికే ఆ ముఖం అన్ని చానళ్ళలో తిరిగి ఉంటే, ‘టీవీలో చూసి గుర్తుపట్టావా?’ అన్న ఒక్క ప్రశ్నతో పరేడ్ ముగిసిపోతుంది.

తర్వాత లెక్కలు. హత్య కేసులో ఛార్జిషీటుకు 90 రోజులు. దాటితే, ఎన్ని హత్యలు చేసినా సరే, బెయిలు హక్కు వస్తుంది. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులు, బీఎన్ఎస్ఎస్ 187 ప్రకారం మొదటి 60 రోజుల్లో విడతలుగా తీసుకోవచ్చు. ఒక్కో క్రైం నంబరుకు ఒక్కో గడియారం. ముద్దాయిని అన్ని కేసుల్లోనూ ఒకే రోజు అరెస్టు చూపిస్తే అన్ని గడియారాలూ ఒకేసారి తిరుగుతాయి, ఎఫ్ఎస్ఎల్ రిపోర్టులు మాత్రం ఒకేసారి రావు. జైల్లో ఉన్నవాడిని పీటీ వారంట్ (ఖైదీని కోర్టుకు తెప్పించే ఉత్తర్వు) మీద ఒక్కో కేసులోకి తెచ్చుకోవడం మామూలు పద్ధతి. వేర్వేరు నేరాలకు వేర్వేరు కస్టడీ ఇవ్వవచ్చని 1992లో అనుపమ్ కులకర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే ఘటనలోని హత్యలకు మాత్రం ఇది కుదరదు, గొర్రెకుంట బావిలోని తొమ్మిదీ ఒకే ఘటన.

ఇక ఒప్పుకోలు. పోలీసుల దగ్గర చెప్పింది సాక్ష్యం కాదు. సాక్ష్య అధినియమం 23 అదే చెబుతుంది, పాత చట్టంలో 25, 26. దానికున్న ఒకే ఒక్క సందు, పాత 27: ముద్దాయి మాట వల్ల కొత్తగా ఒక వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. ఎంతవరకు చెల్లుతుందో తేల్చింది మన గుంటూరు జిల్లా కేసే. 1946లో, అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన పులుకూరి కొట్టయ్య కేసు ఈ రోజుకీ దేశంలోని ప్రతి కోర్టులో వినపడుతుంది. ‘ఈటెతో పొడిచాను, ఈటెను దొడ్లో దాచాను’ అని ముద్దాయి చెబితే రెండో ముక్కే సాక్ష్యం. మొదటి ముక్కను మధ్యవర్తుల నివేదికలో ఎంత అందంగా రాసినా దానికి విలువ లేదు.

రికవరీ, అంటే ముద్దాయి చూపిన వస్తువును స్వాధీనం చేసుకోవడం, సరిగ్గా చేయాలంటే క్రమం ఇది. ఇద్దరు మధ్యవర్తులు స్టేషనుకు ముందే రావాలి. ముద్దాయి చెప్పిన మాట చెప్పినట్టు, అతని భాషలో, కదలకముందే కాగితం మీదికి ఎక్కాలి, సంతకాలు పడాలి, టైము వేయాలి. అప్పుడు బయల్దేరాలి. దారి ముద్దాయే చూపాలి. వస్తువు అతనే తీయాలి. అక్కడ రెండో నివేదిక రాయాలి. మొదటి నుంచి చివరిదాకా వీడియో ఆగకూడదు. ఆ చోటు నలుగురూ తిరిగేదైతే, పోలీసులకు ముందే తెలిసినదైతే, అది ‘బయటపడటం’ కానే కాదు.

నిఠారీ కేసు కూలింది సరిగ్గా ఒప్పుకోలు, రికవరీ అనే ఈ రెండు చోట్లే. కాలవ ఊరందరికీ తెరిచి ఉన్నది, జనం అప్పటికే అక్కడ తవ్వుతున్నారు, ముద్దాయి, అంటే డీ-5 ఇంటి పనివాడు, ఏం చెప్పాడన్నది సరైన కాగితం మీద లేదు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు నమోదైంది 2007 మార్చి 1న. అప్పటికి అతను రెండు నెలలుగా పోలీసుల చేతిలోనే ఉన్నాడు, వైద్య పరీక్ష లేదు, వకీలు సాయం సరిగ్గా లేదు. ఆ ఇంటి పనివాడికి 2009 ఫిబ్రవరిలో మొదటి ఉరిశిక్ష పడింది, 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది, 2014లో ఉరికంబం దగ్గరి దాకా వెళ్ళి ఆగాడు. 2023 అక్టోబరు 16న అలహాబాద్ హైకోర్టు 12 కేసులు కొట్టేసింది, 2025 జులై 30న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మిగిలిన ఒక్క కేసులో ఉన్నదీ అదే ఒప్పుకోలు, అదే రికవరీ. అదే సాక్ష్యం 12 కేసుల్లో చెల్లక 13వ దానిలో ఎలా చెల్లుతుంది? 2025 నవంబరు 11న క్యూరేటివ్ పిటిషన్ (రివ్యూ కూడా అయిపోయాక సుప్రీంకోర్టులో ఉండే ఆఖరి దారి) మీద అదీ పోయింది. అన్ని కేసులకూ ఒకే కొయ్య ఆధారమైతే, అది విరిగిన రోజున ఒక్కటీ మిగలదు.

కాబట్టి మేజిస్ట్రేటు ముందు బీఎన్ఎస్ఎస్ 183 కింద చెప్పించాలనుకుంటే ముద్దాయి ముందు జుడీషియల్ కస్టడీకి వెళ్ళాలి, ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు ఇవ్వాలి, గదిలో గానీ కిటికీ బయట గానీ పోలీసు కనపడకూడదు, వకీలు కావాలా అని అడగాలి, ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూసి రాయాలి. చెప్పనంటే తిరిగి పోలీసులకు అప్పగించరని కూడా చెప్పాలి. ఇన్ని చేసినా ఆ ఒప్పుకోలు లేకుండానే కేసు నిలబడుతుందా అని చార్టు ముందు కూర్చుని చూసుకోవాలి. నార్కో, లై డిటెక్టర్ ముద్దాయి ఒప్పుకుంటే తప్ప చేయకూడదని 2010 సెల్వీ తీర్పు. ఒప్పుకుని చేయించుకున్నా అందులో చెప్పిన మాట సాక్ష్యం కాదు, దాని వల్ల దొరికిన వస్తువు మాత్రమే పనికొస్తుంది.

కలిపి విచారించాలా, విడివిడిగానా

ఒక్కో నేరానికి ఒక్కో ఛార్జి, ఒక్కో విచారణ. ఇదీ నియమం. 12 నెలల్లో జరిగిన ఒకే తరహా నేరాలు మూడింటి వరకు కలపవచ్చని పాత చట్టం అనేది, బీఎన్ఎస్ఎస్ 242 దాన్ని అయిదు చేసింది. ఒకే ఘటనలో భాగమైతే ఎన్నయినా కలపవచ్చు, 243. మంగళూరు సైనైడ్ హత్యల్లో 20 మంది స్త్రీల చావులకు 20 విచారణలు జరిగాయి. ముద్దాయి దొరికింది 2009లో, మొదటి తీర్పు 2013లో, ఆఖరిది 2020లో. విసుగ్గా కనపడుతుంది గానీ, ఒక కేసులోని లోపం మిగతా 19కి అంటుకోదు.

విడిగా నడిపినా ఒక హత్య సాక్ష్యాన్ని ఇంకో హత్యలో చూపించే దారి ఉంది, కానీ ఇరుకైనది. ముద్దాయి చెడ్డవాడని చూపడానికి పనికిరాదు. అది ప్రమాదం కాదు, కావాలని చేసిందే అని చూపడానికి పనికొస్తుంది, సాక్ష్య అధినియమం 13. దీనికి పాత ఉదాహరణ ఇంగ్లండ్‌లో జార్జి స్మిత్: 1912, 13, 14లో వరుసగా ముగ్గురు భార్యలు స్నానపు తొట్టెలో ‘మునిగిపోయారు’. 1915లో ఒక్క చావుకే విచారణ జరిగింది, మిగతా రెండింటి సాక్ష్యం జూరీ ముందుకు వచ్చింది. ఒకటైతే దురదృష్టం అనుకోవచ్చు, మూడు తొట్టెలు చూశాక జూరీకి 20 నిమిషాలు చాలాయంటారు.

కోర్టులో

కళ్ళారా చూసినవాళ్ళు ఈ కేసుల్లో దాదాపు ఉండరు. అంతా పరిస్థితుల సాక్ష్యమే. 1984 శరద్ సార్దా తీర్పు పెట్టిన కొలతలే ఇప్పటికీ కొలతలు: ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువవాలి, అన్నీ ముద్దాయి వైపే చూపాలి, నిర్దోషి అయ్యే ఏ ఊహకూ చోటివ్వకూడదు, గొలుసులో కడియం తెగకూడదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రతి శవానికీ ఒక కాగితం వేసుకుని, ఈ కడియాన్ని ఏ సాక్షి చెబుతాడు, ఏ ఎగ్జిబిట్ (కోర్టులో దాఖలైన కాగితం) చూపుతుంది, ఏ ఎం.ఓ. (కోర్టులో దాఖలైన వస్తువు) నిలబెడుతుంది అని రాసుకుంటే ఎక్కడ ఖాళీ ఉందో విచారణ మొదలు కాకముందే తెలుస్తుంది.

ఆఖరిసారి కలిసి కనపడ్డారన్న సాక్ష్యం ఎక్కువ వాడతారు, ఎక్కువగా విఫలమయ్యేదీ అదే. కలిసి కనపడటానికి, చావుకు మధ్య గంటలు కాక రోజులుంటే మధ్యలో ఇంకెవరైనా వచ్చి ఉండవచ్చు. అందుకే పోస్ట్‌మార్టంలో చావు సమయం అంచనా సరిగ్గా రాయించుకోవాలి. శవం బావిలో ఉంటే నీటి వేడిమి కూడా డాక్టరుకు చెప్పాలి.

మధ్యవర్తి అడ్డం తిరిగితే రికవరీ పోయినట్టే అనుకుంటారు. వీడియో సరిగ్గా ఉంటే పోదు. ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు బీఎన్ఎస్ఎస్ 329 కింద నిపుణుడు రాకపోయినా చదవవచ్చు, కానీ డీఎన్ఏ నిపుణుణ్ణి పిలిపించడమే మేలు. బెదిరింపు ఉన్న సాక్షికి 2018 సాక్షుల రక్షణ పథకం ఉంది, దరఖాస్తు పెట్టేవాళ్ళే తక్కువ.

సాక్ష్యం ముగిశాక ముద్దాయిని అడిగే ప్రశ్నలు, బీఎన్ఎస్ఎస్ 351. తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి పరిస్థితినీ విడిగా, అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి. అడగని దాన్ని తీర్పులో వాడకూడదు. బీహారీ ముద్దాయికి తెలుగులో, తెలుగు కూలీకి ఇంగ్లీషులో అడిగి సంతకం పెట్టించుకున్న కాగితం పైకోర్టులో పిడుగు.

ముద్దాయి తరఫున వకీలు లేకపోవడం ప్రాసిక్యూషన్‌కు మేలనుకుంటే పొరపాటు. ఫలానావాడి కేసు ఎవరూ పట్టకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఛార్జి వేసిన రోజే వకీలును పెట్టి, రెండు వారాల్లో ఉరిశిక్ష వేసిన మధ్యప్రదేశ్ కేసు, అనోఖీలాల్, 2019లో మళ్ళీ మొదటికొచ్చింది. ఉరిశిక్ష పడగల కేసులో ఉచిత వకీలుకు కనీసం పదేళ్ళ అనుభవం, తయారవడానికి కనీసం ఏడు రోజులు ఉండాలని అప్పుడే చెప్పారు. గొర్రెకుంటలో శవాలు తేలిన అయిదు నెలలకే, 2020 అక్టోబరు 28న, ఉరిశిక్ష పడింది. హాజీపూర్‌లో 2020 ఫిబ్రవరి 6న, పది నెలల్లోపే. వేగం తప్పు కాదు. ఆ వేగంలో క్రాస్ ఎగ్జామినేషన్ పూర్తిగా జరిగిందా అన్నదే పైకోర్టు చూస్తుంది.

శిక్ష, ఆ పైన

దోషి అని చెప్పిన రోజే శిక్ష వేయడం చట్టరీత్యా కుదురుతుంది గానీ తెలివైన పని కాదు. 1980 బచన్ సింగ్ తీర్పు ప్రకారం నేరం ఎంత ఘోరమో ఒక్కటే చూస్తే సరిపోదు, మనిషి మారే అవకాశమే లేదా అనీ చూడాలి. 2022 మనోజ్ తీర్పు తర్వాత జైలు ప్రవర్తన నివేదిక, మానసిక పరీక్ష, కుటుంబ నేపథ్యం రికార్డులోకి రావాలి. వీటికి ఆరు వారాలైనా పడుతుంది. ఇవి లేకుండా వేసిన ఉరిశిక్ష చాలాసార్లు యావజ్జీవంగా మారుతుంది.

సెషన్స్ కోర్టు ఉరి వేస్తే అది ఇంకా శిక్ష కాదు, ప్రతిపాదన. బీఎన్ఎస్ఎస్ 407 కింద రికార్డంతా హైకోర్టుకు వెళుతుంది, ఇద్దరు జడ్జీలు సాక్ష్యాన్ని మొదటి నుంచి మళ్ళీ తూకం వేస్తారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు, రివ్యూ, క్షమాభిక్ష, క్యూరేటివ్. క్షమాభిక్ష మీద ఏళ్ళ తరబడి తేల్చకపోతే ఆ జాప్యమే ఉరిని యావజ్జీవం చేస్తుంది. 2015 జనవరిలో నిఠారీలో జరిగింది అదే.

ఈ దారంతా ముగిసేదాకా ఎం.ఓ.లు ఉండాలి. కింది కోర్టు తీర్పు చివర ‘అప్పీలు గడువు తర్వాత నాశనం చేయండి’ అని మామూలుగా రాసే వాక్యాన్ని చూసి ప్రాపర్టీ క్లర్కు ఎముకలు, బట్టలు, డీఎన్ఏ మిగులు నమూనాలు పారేయకుండా ఉరి కేసుల్లో విడిగా మెమో వేయించాలి. నిఠారీ 2006లో మొదలై 2025లో ముగిసింది. 19 ఏళ్ళలో డీవీఆర్ హార్డ్‌డిస్కు పాడవుతుంది, కాగితం మీద సిరా వెలుస్తుంది, మొదటి ఎస్ఐ రిటైరవుతాడు. హార్డ్‌డిస్కుకు హ్యాష్‌తో సహా రెండో కాపీ, ఎగ్జిబిట్లకు స్కాన్, సాక్షుల కొత్త చిరునామాలు ఏడాదికోసారి సరిచూసుకునే పని ఎవరిదో ఛార్జిషీటు వేసిన రోజే పేరు పెట్టి రాసుకోవాలి.